ఆ యాక్టివిటీ ఎవరిది? భీమవరం ల్యాబులో ఫైలేరియా ఎంజైమ్ తయారుచేసిన కేసు

రాత్రి ఎనిమిది దాటింది. మా పరిశోధక విద్యార్థిని స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గర నుంచి లేచి వచ్చి, "మేడమ్, ఖాళీ ప్లాస్మిడ్‌లో కూడా గీత దిగిపోతోందండి" అంది. చేతిలో గ్రాఫు కాగితం ఉంది. దాని మీద రెండు గీతలు. ఒకటి మేం రెండు నెలలు కష్టపడి తయారుచేసిన ఫైలేరియా (బోదకాలు) పురుగు ఎంజైమ్‌ది. రెండోది ఖాళీ ప్లాస్మిడ్‌ది, అంటే జన్యువును మోసే డీఎన్‌ఏ వలయం ఉన్నా అందులో పురుగు జన్యువే లేని బాక్టీరియా నుంచి తీసిన ద్రవానిది. మొదటిది నిటారుగా దిగింది. రెండోది నెమ్మదిగానే అయినా దిగింది. గీత దిగిందంటే ఎంజైమ్ పనిచేస్తోందని అర్థం. పురుగు జన్యువే లేనప్పుడు అది అసలు దిగకూడదు.

ఈ కేసు రాయడానికి కారణం ఆ రెండో గీతే. పరాన్నజీవి ఎంజైమ్‌ను ఈ-కోలై బాక్టీరియాలో తయారుచేయడం ఇప్పుడు చిన్న ల్యాబుల్లో కూడా సాధ్యమే. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద మంచి బ్యాండ్ వచ్చి, యాక్టివిటీ (ఎంజైమ్ పనిచేసే జోరు) కూడా కనిపిస్తే పని అయిపోయిందని అనుకుంటాం. కానీ ఆ యాక్టివిటీ పురుగు ఎంజైమ్‌దా, దాన్ని మోసిన బాక్టీరియాదా అన్నది తేల్చకుండా మందుల వేటకు వెళ్తే, చివరికి ఈ-కోలైని ఆపే మందును పట్టుకొచ్చి ఫైలేరియా పురుగును చంపే మందు అనుకునే ప్రమాదం ఉంది. మేం అలాంటి చోటికి చాలా దగ్గరగా వెళ్లి వెనక్కి వచ్చాం.

ఎందుకు ఈ పురుగు

మా నాయనమ్మకు కుడికాలు మోకాలి దాకా వాచి ఉండేది. ఏడాదికి రెండు మూడుసార్లు చలిజ్వరం వచ్చేది. కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్ళ కట్టేది. ఆ వారం రోజులూ మంచం దిగేది కాదు. మామూలు రోజుల్లో కుచ్చిళ్ళు కిందికి దించి కాలు కప్పుకునేది, పెళ్ళిళ్ళకు పిలిచినా వెళ్ళేది కాదు. మా వీధిలో అలాంటివాళ్ళు ఇంకా ముగ్గురు ఉండేవారు. డెల్టాలో పెరిగినవాళ్ళకు బోదకాలు గురించి నేను చెప్పాల్సింది లేదు.

మన దగ్గర ఈ జబ్బుకు కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే సన్నని పురుగు. దాన్ని మోసేది క్యూలెక్స్ దోమ. అది పంట కాలవలో కన్నా ఊరి మురుగు కాలవలోనూ, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులోనూ ఎక్కువగా పెరుగుతుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఉండి, పిల్లలను రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్ల పురుగులు రాత్రిపూటే పైకి వస్తాయి కాబట్టి, పరీక్షకు రక్తం కూడా రాత్రే తీస్తారు. లాంతరు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య సిబ్బంది గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వ ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఉండటానికి కారణం కూడా ఈ ప్రాంతపు బాధే.

దేశంలో 2004 నుంచి ఏడాదికోసారి అందరికీ మాత్రలు మింగించే కార్యక్రమం నడిచింది. మొదట డీఈసీ అనే మందు, తర్వాత దానికి తోడు ఆల్బెండజోల్, 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇస్తున్నారు. వీటివల్ల చాలా మేలు జరిగింది. ఆ మాత్రలు వద్దనేవాళ్ళను నేను ఎప్పుడూ సమర్థించను. అయితే ఈ మందుల బలం ప్రధానంగా రక్తంలోని పిల్ల పురుగుల మీదే. నాళాల్లో ఏళ్ళ తరబడి బతికే పెద్ద పురుగును ఒకటి రెండు మోతాదులతో పూర్తిగా చంపే మందు లేదు. డీఈసీ 1947 నాటిది. డాక్సీసైక్లిన్ పురుగు లోపల ఉండే వోల్బాకియా బాక్టీరియాను చంపి, ఆ దెబ్బతో పెద్ద పురుగును కూడా నెమ్మదిగా చంపుతుంది. కానీ నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ మింగాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు. ఊరంతటికీ పంచే మందు కాదది. పెద్ద పురుగును చంపే మార్గం వెతకాలంటే, దానికి తప్పనిసరైనది, మనిషిలో లేనిది ఏదో ఒకటి పట్టుకోవాలి.

ఎందుకు ఈ ఎంజైమ్

గ్లూకోజ్ నుంచి శక్తి తీసే వరుసలో ఒక మెట్టు దగ్గర 3-ఫాస్ఫోగ్లిసరేట్ 2-ఫాస్ఫోగ్లిసరేట్‌గా మారాలి. ఆ పని చేసేది ఫాస్ఫోగ్లిసరేట్ మ్యూటేజ్. మనిషి ఎంజైమ్‌కు ఈ పని చేయడానికి 2,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్ అనే సహాయక అణువు కావాలి. పురుగు ఎంజైమ్‌కు అది అక్కర్లేదు. దానికి కావలసింది రెండు లోహ అయాన్లు. రెండూ చేసే పని ఒకటే గానీ అమైనో ఆమ్లాల వరుసలోనూ, ఆకారంలోనూ, పనిచేసే తీరులోనూ వాటి మధ్య చుట్టరికమే లేదు. సహాయకం అవసరం లేని ఈ రకాన్ని ల్యాబులో ఐపీజీఎం అంటాం. సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే నులిపురుగులో ఈ జన్యువును అణిచివేస్తే పిండాలు, పిల్ల పురుగులు చనిపోతాయని 2004లో వచ్చిన పరిశోధన చూపించింది. మాకు ధైర్యమిచ్చింది అదే.

మన డెల్టా పురుగు ఉకరేరియా. మేం తీసుకున్నది మాత్రం దాని దగ్గరి బంధువు బ్రూజియా మలయి జన్యువు. దీని మీద మా కమిటీలో కొంచెం వాదన జరిగింది. ఉకరేరియా జన్యు చిత్తు ప్రతి 2013లో వచ్చేసింది కదా, మన పురుగునే తీసుకుందామని ఒకరన్నారు. నా వాదన వేరు. ఉకరేరియాను ల్యాబులో చిన్న జంతువుల్లో పెంచలేం. బ్రూజియాను జెర్బిల్ అనే ఎడారి ఎలుకల్లో పెంచే ల్యాబులు ఉన్నాయి. రేపు ఎంజైమ్‌ను ఆపే అణువు ఒకటి దొరికితే దాన్ని బతికున్న పురుగు మీద పెట్టి చూడగలిగేది బ్రూజియా మీదే. రెండింటి ఐపీజీఎం ఎలాగూ బాగా దగ్గరి పోలికతో ఉంటాయి. చివరికి అందరూ బ్రూజియాకే ఒప్పుకున్నారు.

పురుగు చేతికి రావలసిన అవసరం కూడా లేదు. 2007లో వచ్చిన బ్రూజియా జన్యుక్రమం నుంచి వరుస తీసుకుని, జన్యువును కృత్రిమంగా చేయించాం. బ్రూజియా డీఎన్‌ఏలో నూటికి దాదాపు 70 దాకా ఏ, టీ అక్షరాలే. వాటిని అలాగే పెడితే ఈ-కోలైకి అలవాటు లేని కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లానికి మూడేసి అక్షరాల సంకేతాలు) తగులుతాయి. అందుకే ప్రొటీన్ మారకుండా కోడాన్లు మాత్రం ఈ-కోలైకి నప్పేలా మార్పించి, హిస్టిడిన్ ట్యాగ్ (ప్రొటీన్‌కు తగిలించే, నికెల్‌కు అంటుకునే తోక) ఉన్న ప్లాస్మిడ్‌లో పెట్టించాం.

మే నెల, ఏసీ గది, ఐస్ ఫ్యాక్టరీ

మొదటి ప్రయత్నం పుస్తకంలో ఉన్నట్టే చేశాం. 37 డిగ్రీలు, 1 మిల్లీమోలార్ ఐపీటీజీ (జన్యువును పనిలోకి దించే రసాయనం), నాలుగు గంటలు. జెల్ మీద సుమారు 58 కిలోడాల్టన్ల బరువు దగ్గర బొటనవేలంత బ్యాండ్ వచ్చింది. కణాలు పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేస్తే ఆ బ్యాండ్ మొత్తం అడుక్కి పోయింది. పైన తేటలో ఏమీ లేదు. ప్రొటీన్ సరిగ్గా మడత పడకుండా ముద్దలు కట్టిందన్నమాట. యూరియాలో కరిగించి మళ్ళీ మడత పెట్టే దారి ఒకటి ఉంది. నేను వద్దన్నాను. ఇది రెండు భాగాలు ఒక కీలు మీద తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేసే ఎంజైమ్. అలా తిరిగి మడత పెట్టిన దాన్ని మందుల పరీక్షకు నమ్మలేను.

మిగిలిన దారి, చల్లగా, నెమ్మదిగా తయారు చేయించడం. మా షేకర్‌కు వేడి చేయడం తప్ప చల్లబరచడం రాదు. అది మే నెల. మధ్యాహ్నం ల్యాబు గదిలో 37 డిగ్రీలకు ఇంక్యుబేటరే అక్కర్లేదు. షేకర్‌ను మోసుకెళ్ళి ఏసీ ఉన్న పరికరాల గదిలో పెట్టాం. ఏసీని 18కి పెడితే ఫ్లాస్కులో థర్మామీటర్ 21 చూపించింది. చాల్లే అనుకున్నాం. ఐపీటీజీని పదో వంతుకు, అంటే 0.1 మిల్లీమోలార్‌కు తగ్గించి, 16 గంటలు ఉంచాం. మొదటి రాత్రి రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా షేకర్ ఆగి, కణాలు అడుక్కి చేరి, ఆ బ్యాచ్ మొత్తం పోయింది. తర్వాతి రెండు రాత్రులూ మా విద్యార్థిని, నేను వంతులేసుకుని కాపలా ఉన్నాం.

కణాలను సోనికేటర్‌తో పగలగొట్టేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లో చేసుకునే ఐసు ఏ మూలకూ చాలదు. ఈ విషయంలో మాత్రం డెల్టాలో ఉన్న ల్యాబుకు కొరత లేదు. రొయ్యల ప్యాకింగ్ కోసం నడిచే ఐస్ ఫ్యాక్టరీ మాకు పది నిమిషాల దూరం. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి మేస్త్రి, "దిమ్మ కావాలాండి, పొడి కొట్టించమంటారాండి?" అని అడిగి, థర్మోకోల్ పెట్టె నిండా పొడి కొట్టిన ఐసు పోసి ఇచ్చాడు. అందులో ఉప్పు కలిపి, బీకరు పాతి, 10 సెకన్లు సోనికేషన్, 20 సెకన్లు విరామం చొప్పున చేశాం. ఈసారి దాదాపు సగం ప్రొటీన్ తేటలోకి వచ్చింది.

కాలమ్ తెల్లబడింది, ఎవరూ మాట్లాడలేదు

నికెల్ కాలమ్ (ట్యాగ్ ఉన్న ప్రొటీన్‌ను పట్టుకునే గొట్టం) మీద శుద్ధి చేశాక జెల్ మీద ఒక్కటే బ్యాండ్. చూడటానికి ఎంతో బాగుంది. యాక్టివిటీ మాత్రం దాదాపు సున్నా.

యాక్టివిటీ కొలిచే తీరు ఇక్కడ చెప్పాలి, తర్వాతి కథంతా దాని మీదే నడుస్తుంది. మన ఎంజైమ్ చేసిన 2-ఫాస్ఫోగ్లిసరేట్‌ను ఎనోలేజ్ తీసుకుని పీఈపీ అనే పదార్థంగా మారుస్తుంది. దాన్ని పైరువేట్ కైనేజ్ పైరువేట్‌గా, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ లాక్టేట్‌గా మారుస్తాయి. ఆఖరి మెట్టులో ఎన్‌ఏడీహెచ్ అనే అణువు ఖర్చవుతుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, అది తరిగేకొద్దీ రీడింగ్ దిగుతుంది. ఒకరి చేతి నుంచి ఒకరికి బిందె అందించినట్టు నాలుగు ఎంజైమ్‌లు. మనం చూసేది చివరి చేతినే, తెలుసుకోవాలనుకునేది మాత్రం మొదటి చేతి గురించి.

యాక్టివిటీ ఎందుకు లేదని మూడు రోజులు తల పట్టుకున్నాం. నోటుబుక్ ముందునుంచి చదువుతుంటే విద్యార్థిని చిన్న అక్షరాలతో రాసుకున్న ఒక వాక్యం కనిపించింది. "కాలమ్ పైభాగం నీలం పోయి తెల్లబడింది." నికెల్ కాలమ్ తెల్లబడిందంటే నికెల్‌ను ఎవరో పట్టుకుపోయారన్నమాట. ఆ పని చేసేది ఈడీటీఏ. మా బఫర్‌లో అది లేదు. కానీ ప్రొటీన్ తెగిపోకుండా వేసిన ప్రొటియేజ్ ఇన్హిబిటర్ మాత్ర ఈడీటీఏ ఉన్న రకం. అది కాలమ్ మీది నికెల్‌ను పీకింది, ఎంజైమ్‌లోని లోహాన్ని కూడా పీకింది.

ఆమెను నేను కోప్పడలేదు. చూసింది, రాసింది, అదే చాలా పెద్ద పని. చెప్పడానికి భయపడిందంటే ఆ భయం పోగొట్టాల్సింది నేను. అప్పటి నుంచి మా ల్యాబులో రంగు మారినా, నురగ వచ్చినా, వాసన మారినా వెంటనే గట్టిగా చెప్పడం నియమం.

ఈడీటీఏ లేని మాత్రకు మారి, శుద్ధి అయిన ఎంజైమ్‌కు కొద్దిగా మాంగనీస్ క్లోరైడ్ ఇచ్చాం. ఫాస్ఫేట్ బఫర్ కూడా వదిలేశాం, ఎందుకంటే మాంగనీస్ అందులో అవక్షేపంగా పడిపోతుంది. మర్నాడు రీడింగ్ నిటారుగా దిగింది. లీటరు కల్చర్‌కు తొమ్మిది మిల్లీగ్రాముల దాకా పనిచేసే ఎంజైమ్. నాలుగు రోజులు మా ఆనందానికి హద్దు లేదు. అయిదో రోజు రాత్రి ఆ ఖాళీ ప్లాస్మిడ్ గీత వచ్చింది.

రెండో గీత ఎక్కడిది

ఈ-కోలైకి ఫాస్ఫోగ్లిసరేట్ మ్యూటేజ్‌లు రెండు ఉన్నాయి. ఒకటి మనిషిలో ఉన్నలాంటి, సహాయకం కావలసిన రకం. రెండోది పురుగులో ఉన్నలాంటి, సహాయకం అక్కర్లేని రకం. ఇది తెలిసి కూడా, వాటికి హిస్టిడిన్ ట్యాగ్ లేదు కదా, కాలమ్‌కు అంటుకోవు అనుకున్నాను. అది నా పొరపాటు. ట్యాగ్ లేకపోయినా బాక్టీరియా ప్రొటీన్లు కొన్ని నికెల్‌కు పలచగా అంటుకుంటాయి. పైగా గ్లూకోజ్ దారిలోని ఎంజైమ్‌లు కణంలో పుష్కలంగా ఉంటాయి. జెల్ మీద కంటికి కనిపించనంత కల్తీ ఉన్నా 340 దగ్గర గీత దిగడానికి సరిపోతుంది.

మొదట చేసింది వాషింగ్ పెంచడం. ప్రొటీన్లను నికెల్ నుంచి విడిపించే ఇమిడజోల్‌ను 20 నుంచి 50 మిల్లీమోలార్‌కు పెంచాం, అర మోలార్ ఉప్పు వేశాం. రెండో గీత సగానికి తగ్గింది, పోలేదు.

తర్వాత సోడియం ఆర్థోవనడేట్. ఇది సహాయకం కావలసిన రకం మ్యూటేజ్‌ను ఆపుతుంది, అక్కర్లేని రకాన్ని ఆపదు. ద్రావణం పసుపు రంగులో ఉంటే వాడకూడదు. పీహెచ్ 10 దగ్గర ఉంచి, రంగు పోయేదాకా మరిగించాలి, లేకపోతే వనడేట్ అణువులు గుంపుగా కూడి ఉంటాయి. 100 మైక్రోమోలార్ వేశాక ఖాళీ ప్లాస్మిడ్ గీత దాదాపు ఆగిపోయింది. మన ఎంజైమ్ గీత రవ్వంత తగ్గి అలాగే దిగింది. అంటే కల్తీలో ఎక్కువ భాగం ఈ-కోలై వారి మొదటి రకం ఎంజైమే.

ఇక రెండో రకం. దానికి వనడేట్ పనిచేయదు. లోహం తీసేస్తే ఆగుతుంది కదా అని రీడింగ్ తీసే చిన్న పాత్ర క్యూవెట్‌లోనే ఈడీటీఏ వేశాం. గీత టక్కున ఆగింది. సంబరపడబోయి ఆగాం. లోహం తీస్తే పురుగు ఐపీజీఎం, ఈ-కోలై ఐపీజీఎం రెండూ ఆగుతాయి, కాబట్టి ఈ పరీక్ష ఆ రెండింటినీ విడదీయదు. అంతకన్నా పెద్ద తప్పు, ఎనోలేజ్‌కు, పైరువేట్ కైనేజ్‌కు కూడా మెగ్నీషియం కావాలి. బిందె అందించే వరుసలో ఏ చేయి ఆగినా చివరి చేయి ఆగుతుంది. 3-ఫాస్ఫోగ్లిసరేట్‌కు బదులు నేరుగా 2-ఫాస్ఫోగ్లిసరేట్ పోసి చూస్తే అప్పుడు కూడా ఆగింది. అంటే ఈడీటీఏ ఆపినది మన ఎంజైమ్‌ను అనడానికి ఆధారమే లేదు. ఆ పరీక్షను నోటుబుక్‌లో అడ్డంగా కొట్టేశాం. కానీ 2-ఫాస్ఫోగ్లిసరేట్ ఉపాయం మాత్రం మాతో ఉండిపోయింది.

సమస్యను తేల్చింది చచ్చిన ఎంజైమ్. ఐపీజీఎం పనిచేసేటప్పుడు ఫాస్ఫేట్‌ను కాసేపు యాక్టివ్ సైట్‌లోని (చర్య జరిగే చోటులోని) సెరిన్ అనే ఒక అమైనో ఆమ్లం మీద పెట్టుకుంటుంది. జన్యువులో ఆ ఒక్క సెరిన్‌ను అలనిన్‌గా మార్పించాం. ప్రొటీన్ అదే, ట్యాగ్ అదే, బరువు అదే, పని మాత్రం చేయలేదు. దాన్ని అదే ఏసీ గదిలో, అదే ఐసులో, అదే కాలమ్ మీద, అదే రోజు తయారు చేశాం.

ఖాళీ ప్లాస్మిడ్ కన్నా ఇది ఎందుకు మంచి కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) అనేది నాకు ఈ కేసులోనే బాగా అర్థమైంది. ఖాళీ ప్లాస్మిడ్ కణాల్లో ట్యాగ్ ఉన్న ప్రొటీనే లేదు. అందువల్ల కాలమ్ మీద చోటంతా ఖాళీగా ఉండి, మామూలుగా అంటుకోని బాక్టీరియా ప్రొటీన్లు కూడా వచ్చి కూర్చుంటాయి. అసలు తయారీలో ట్యాగ్ ఉన్న ప్రొటీన్ వాటిని నెట్టేస్తుంది. అంటే ఖాళీ ప్లాస్మిడ్ కల్తీని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. చచ్చిన ఎంజైమ్ కాలమ్‌ను అసలు ఎంజైమ్ లాగే నింపుతుంది కాబట్టి అందులో కనిపించే యాక్టివిటీయే నిజమైన కల్తీ.

ఆ కొలత రోజు గదిలో నలుగురం ఉన్నాం. వనడేట్ వేయలేదు, ఎంజైమ్ మోతాదు మామూలుదే. అసలు ఎంజైమ్ గీత ఎప్పటిలా దిగింది. చచ్చిన ఎంజైమ్ గీత స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఉండిపోయింది. మోతాదు పదింతలు చేశాక సన్నగా వంగింది. మా తయారీలో బాక్టీరియా వాటా నూటికి ఒకటి లోపే అని అప్పుడు రాసుకున్నాం.

ఇప్పుడు దీంతో ఏం చేస్తున్నాం

96 గుంతల ప్లేటులో చిన్న అణువులను పరీక్షిస్తున్నాం. రీడింగ్‌ను ఆపిన ప్రతి అణువును వెంటనే 2-ఫాస్ఫోగ్లిసరేట్‌తో మళ్ళీ పరీక్షిస్తాం. అక్కడ కూడా ఆపితే అది ఎనోలేజ్‌నో, కైనేజ్‌నో, డీహైడ్రోజినేజ్‌నో ఆపుతోంది, మాకు అక్కర్లేదు. మా మొదటి ప్లేటులో ఆశ పెట్టుకున్న నాలుగింటిలో మూడు అలాగే పోయాయి. నాలుగోది కొద్దిగా డిటర్జెంట్ వేయగానే శక్తి పోగొట్టుకుంది. అంటే అది గుంపులు కట్టి ప్రొటీన్‌కు చుట్టుకున్నదే తప్ప ఎంజైమ్‌లో చోటు చూసుకుని కూర్చున్నది కాదు.

విద్యార్థులు వేప, తిప్పతీగ కషాయాలు పెడదామని అడుగుతుంటారు. ఆకు రసాలను ఈ పద్ధతిలో నేరుగా పెట్టడానికి నేను ఒప్పుకోను. వాటిలోని పదార్థాలు చాలా వరకు 340 దగ్గర తామే కాంతిని పీల్చుకుంటాయి, టానిన్లు ఏ ప్రొటీన్‌నైనా ముద్ద చేస్తాయి. ఏ రసం పోసినా ఎంజైమ్ ఆగినట్టే కనిపిస్తుంది. శుద్ధి చేసిన ఒక్కొక్క పదార్థం తెస్తే పరీక్ష చేద్దామంటాను.

ఇంకో సంగతి విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. ఈ ఎంజైమ్ మందుకు సులువుగా లొంగేది కాదు. 2014లో ప్రచురించిన పనిలో రెండు పెద్ద స్క్రీనింగ్‌లు చేసినా చాలా తక్కువ అణువులే మిగిలాయి. యాక్టివ్ సైట్ బాగా ధ్రువ స్వభావం ఉన్న ఇరుకైన చోటు, అందులోకి వెళ్ళగల అణువు కణం పొర దాటడం కష్టం. 2017లో ఉంగరం ఆకారపు పెప్టైడ్‌లు దీన్ని చాలా గట్టిగా ఆపగలవని తేలింది. అవి యాక్టివ్ సైట్‌లోకి దూరకుండా రెండు భాగాల మధ్య కీలు దగ్గర ఇరుక్కుంటాయి. అవి కూడా పురుగు లోపలికి చేరడమే సమస్య. మేం ఇప్పుడు ఆ కీలు దగ్గర సరిపోయే చిన్న అణువుల మీదే దృష్టి పెట్టాం.

మా డీప్ ఫ్రీజర్‌లో ఎంజైమ్ 50 మైక్రోలీటర్ల చొప్పున గ్లిసరాల్‌తో ఉంది. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్ళీ గడ్డకట్టించం, యాక్టివిటీ మూడో వంతు పోతుంది. ఆకుపచ్చ మూత అసలుది, ఎర్ర మూత చచ్చినది. ప్రతి ప్లేటులో మొదటి వరుస ఎర్ర మూతది. ఆ వరుస కదలకుండా ఉంటేనే మిగతా ప్లేటు చదువుతాం. పోయిన గురువారం ఆ వరుస కొద్దిగా కదిలింది. కొత్త బ్యాచ్ వాషింగ్‌లో ఇమిడజోల్ 50కి బదులు 20 పడిందని నోటుబుక్‌లో తేలింది. ఆ బ్యాచ్ పారేసి, మళ్ళీ ఐసుకు మనిషిని పంపాం.